చెన్నపట్నం పట్టాల కథ – 7: మాంబళం, చెరువులో లేచిన ఊరికి రైలు గుమ్మం

కిందటి భాగంలో ఎగ్మూరు దాకా వచ్చాం. 1856లో రాయపురం నుంచి బయల్దేరిన మద్రాసు రైల్వే పెద్ద గేజి పట్టాలతో ముందు పడమరకూ, తర్వాత ఉత్తరానికీ సాగిపోయింది. దక్షిణ జిల్లాలను సౌత్ ఇండియన్ రైల్వే కంపెనీ మీటరు గేజి మీద కలుపుకుంటూ వెళ్ళి, 1908 జూన్‌లో ఎగ్మూరు స్టేషన్‌ను తెరిచింది. ఒకే నగరంలో రెండు కంపెనీలు, రెండు గేజులు, రెండు పెద్ద స్టేషన్లు. బెజవాడ బండి సెంట్రల్‌లో ఆగిపోతుంది, తంజావూరు బండి ఎగ్మూరులో. ఒకరి పెట్టెలు ఇంకొకరి పట్టాల మీద దొర్లవు. ఈ గీత ఎక్కడో తేలని సరిహద్దులా నగరం నడిబొడ్డున ఉండిపోయిందనీ, దాని ఫలితాలు ముందు ముందు చూద్దామనీ చెప్పుకుని ఆగాం.

ఆ ఫలితాల్లో అన్నిటికంటే పెద్దది ఎగ్మూరుకు దక్షిణాన, నాలుగు స్టేషన్ల అవతల ఉంది. చెత్‌పట్, నుంగంబాకం, కోడంబాకం, ఆ తర్వాత మాంబళం. తెలుగువాళ్ళ మద్రాసు అనగానే ఇవాళ మన మనసులో మెదిలేది త్యాగరాయనగరు, పాండీబజారు, పానగల్ పార్కు. కానీ వందేళ్ళ కిందట అడిగితే ఎవరైనా జార్జిటౌను, చాకలిపేట, పరశువాకం అని ఉండేవారు. తెలుగు మద్రాసు ఉత్తరం నుంచి దక్షిణానికి ఎప్పుడు, ఎందుకు తరలిందన్న ప్రశ్నకు సినిమా స్టూడియోలు కారణమని చాలామంది అంటారు. స్టూడియోలకంటే ముందు ఒక చెరువు ఎండింది, ఒక చట్టం వచ్చింది, ఒక కరెంటు రైలు నడిచింది. ఈ మూడూ కలిసిన చోటు మాంబళం స్టేషన్.

ముందు చెరువు సంగతి.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గీసిన ఏ మద్రాసు పటం చూసినా మౌంటు రోడ్డుకు పడమరగా, రైలు కట్టకు తూర్పుగా ఒక పొడవాటి నీలిరంగు వంపు కనిపిస్తుంది. నుంగంబాకం దగ్గర మొదలై సైదాపేట వైపు సాగిన ఆ నీటి వంపును ఇంగ్లీషు దొరలు లాంగ్ ట్యాంక్ అనేవారు. మైలాపూరు చెరువూ నుంగంబాకం చెరువూ ఒకదానికొకటి ఆనుకుని అంత పొడవున పరుచుకున్నాయి. వానాకాలంలో నిండుగా ఉన్నప్పుడు దొరలు అక్కడ పడవ పందాలు వేసుకునేవారు. చెరువు కింద పొలాలు పండేవి. కట్టకు పడమటి వైపు మాంబళం పల్లె ఉండేది. దక్షిణ భద్రాచలమని భక్తులు పిలుచుకునే కోదండరామాలయం ఆ పల్లెలోనిదే. రామదాసు పేరు తలిచే గుడి తమిళ పల్లె నడుమ ఉందంటే, తెలుగువాళ్ళ అడుగులు అక్కడ కరెంటు రైలు రాకముందే పడ్డాయన్నమాట.

అప్పటి రైలు ఆ పల్లెను పెద్దగా పట్టించుకోలేదు. సౌత్ ఇండియన్ కంపెనీకి ఆ దారి తంజావూరు బియ్యానికీ, తూత్తుకుడి ఓడలకు ఎక్కే సరుకుకూ, రామేశ్వరం యాత్రికులకూ వేసిన దారి. మధ్యలో ఊళ్ళవాళ్ళు ఎక్కి దిగడం దానికి ఒక ఉపకారం లాంటిది. బొగ్గు ఇంజను ప్రతి మైలుకూ ఆగి కదలాలంటే ఎంత బొగ్గు, ఎంత నీరు, ఎంత సమయం ఖర్చవుతాయో కంపెనీ లెక్కల్లో ఉండేది. అందుకే రోజూ ఆఫీసుకు వెళ్ళివచ్చే మనిషి గురించి ఏ రైలు కంపెనీకీ అప్పటికి ఆలోచన లేదు. నగరంలో తిరగడానికి ట్రాము ఉంది. 1895లో మొదలైన మద్రాసు కరెంటు ట్రాము దేశంలోనే తొలి కరెంటు ట్రాము. అయితే దాని పట్టాలు పాత పేటలను చుట్టేవే. చెరువు అవతలి మాంబళాన్ని అది చూడలేదు.

అటు నగరంలో ఇరుకు పెరిగింది. 1921 జనాభా లెక్కల్లో మద్రాసు జనం 5.27 లక్షలు. ఇరవయ్యేళ్ళకు ముందున్న 5.09 లక్షలతో పోలిస్తే అది పెరుగుదలే కాదు. కానీ ఆ తర్వాతి పదేళ్ళలో అంకె 6.47 లక్షలకు ఎగబాకింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆఫీసులు పెరిగాయి, బ్యాంకులు పెరిగాయి, కాలేజీలు పెరిగాయి. గుంటూరు, నెల్లూరు, గోదావరి జిల్లాల నుంచి ప్లీడరు చదువుకూ డాక్టరు చదువుకూ పిల్లలు రావడం పెరిగింది. గుమస్తా ఉద్యోగానికి వచ్చిన యువకుడు జార్జిటౌనులో ఒక సందులో, నాలుగైదు కుటుంబాలు కలిసి ఉండే ఇంట్లో, ఒక గది అద్దెకు తీసుకునేవాడు. బావి ఒక్కటే, దొడ్డి ఒక్కటే. కోటలోని సచివాలయానికి నడిచి వెళ్ళొచ్చన్న సుఖం ఒక్కటే అందులో ఉండేది.

ఇక్కడ రాజకీయం ప్రవేశిస్తుంది. 1919 సంస్కరణల తర్వాత రాష్ట్రాల్లో కొన్ని శాఖలు భారతీయ మంత్రుల చేతికి వచ్చాయి. స్థానిక పరిపాలన వాటిలో ఒకటి. 1920 ఎన్నికల్లో కాంగ్రెసు దూరంగా ఉండగా జస్టిస్ పార్టీ గెలిచింది. పార్టీకి పెద్ద దిక్కు సర్ పిట్టి త్యాగరాయ శెట్టి. దేవాంగ కులంలో పుట్టిన తెలుగువాడు, చాకలిపేట ప్రాంతంలో స్థిరపడిన వర్తకుడు, నేత పరిశ్రమ నడిపినవాడు, మద్రాసు కార్పొరేషన్‌కు అధికారి కాని తొలి అధ్యక్షుడు. గవర్నరు ముఖ్యమంత్రి పదవికి పిలిస్తే ఆయన వద్దన్నారు. సుబ్బరాయలు రెడ్డియార్ కొద్ది నెలలు పదవిలో ఉన్నాక, 1921 జులైలో పానగల్ రాజా ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన అసలు పేరు పానగంటి రామరాయణింగారు, కాళహస్తి సీమ జమీందారు. 1926 డిసెంబరు దాకా ఆ పదవిలో కొనసాగారు.

జస్టిస్ పార్టీని దేవాలయాల చట్టంతోనూ, ఉద్యోగాల్లో కులాల వాటాతోనూ మాత్రమే గుర్తుపెట్టుకోవడం మనకు అలవాటైంది. నగరం కట్టిన పార్టీగా దాన్ని గుర్తుపెట్టుకున్నవాళ్ళు తక్కువ. మద్రాసు పట్టణ ప్రణాళికా చట్టం 1920 నాటిది. ఆ చట్టం చేతికి అందినప్పుడు నగరం ఏ దిక్కుకు పెరగాలన్న ప్రశ్న వచ్చింది. తూర్పున సముద్రం. ఉత్తరాన మిల్లులు, రేవు, రైలు యార్డులు. మిగిలింది దక్షిణమూ పడమరా. అక్కడ మౌంటు రోడ్డుకూ రైలు కట్టకూ నడుమ, చాలా భాగం ప్రభుత్వానికే చెందిన విశాలమైన నేల పరుచుకుని ఉంది. ఇబ్బంది ఒక్కటే, ఆ నేల మీద నీళ్ళున్నాయి.

1923లో పని మొదలైంది. చెరువు నీటిని వదిలేశారు, గుంటలు పూడ్చారు, రోడ్లు గీశారు. మధ్యలో ఒక పార్కు, దాని చుట్టూ కిరణాల్లా విడిపోయే రోడ్లు, రోడ్ల వెంట ఇళ్ళ స్థలాలు. రెండేళ్ళలో ఊరికి ఒక ఆకారం వచ్చింది. 1925 ఏప్రిల్ 28న త్యాగరాయ శెట్టి కన్నుమూశారు. కొత్త ఊరికి ఆయన పేరే పెట్టారు. జీవితమంతా ఉత్తర మద్రాసులో గడిపిన మనిషి పేరు దక్షిణ మద్రాసులోని ఊరికి దక్కింది. మధ్యలోని పార్కు పానగల్ రాజా పేరిట వెలిసింది. ఇంకో పార్కు పార్టీ స్థాపకుల్లో ఒకరైన డాక్టరు నటేశ మొదలియారుది. డాక్టరు నాయర్ రోడ్డు, ఉస్మాన్ రోడ్డు, తణికాచలం రోడ్డు, తర్వాత సౌందరపాండ్యన్ పేరిట వెలిసి జనం నోట పాండీబజారుగా మారిన అంగడి వీధి, అన్నీ ఆ పార్టీ మనుషుల పేర్లే. అక్కడి వీధులు తిరిగితే జస్టిస్ పార్టీ కార్యవర్గ సమావేశానికి వెళ్ళివచ్చినట్టే.

ఆ చెరువును ఎండగట్టడం మంచి పనా అని నేటి పాఠకుడు అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. నీరు పల్లమెరుగును. వాన గట్టిగా కురిసిన ప్రతిసారీ మాంబళం రైలు కట్ట కింద ఉన్న దొరైస్వామి సబ్‌వే నిండిపోతుంది, బస్సులు చుట్టు తిరిగి పోతాయి. 2015 డిసెంబరు వరదల్లో ఆ ప్రాంతం పడిన అవస్థ చాలామందికి గుర్తుండే ఉంటుంది. వందేళ్ళ కింద చెరువు పట్టి ఉంచిన నీటికి ఇప్పుడు నిలవడానికి చోటు లేదు. అప్పటి ప్రణాళికాకర్తలు ఇళ్ళు లేని గుమస్తాను చూశారు గానీ నీటి దారిని చూడలేదని నా అభిప్రాయం. ఆ గుమస్తా బాధ నిజమైనది కాదని మాత్రం అనలేం.

సరే, ఊరు గీశారు. మనుషులు రావాలి కదా. తొలి ఏళ్ళలో త్యాగరాయనగరు స్థలాలు అమ్ముడుపోవడం తేలికగా సాగలేదు. కోటకూ హైకోర్టుకూ అయిదారు మైళ్ళు. గుర్రబ్బండి ఖర్చు జీతగాడు భరించలేడు. మోటారు బస్సులు అప్పుడప్పుడే వస్తున్నాయి, వాటి మీద నమ్మకం ఇంకా కుదరలేదు. పడమటి అంచున స్టేషన్ ఉంది, కానీ ఆ స్టేషన్‌లో ఆగే బొగ్గు బళ్ళు రోజుకు ఏ కొన్నో. పది గంటలకు కుర్చీలో ఉండాల్సిన మనిషి ఆ బళ్ళ మీద ఉద్యోగం చేయలేడు.

అదే సమయంలో సౌత్ ఇండియన్ కంపెనీకి ఇంకో బెంగ పట్టుకుంది. 1920ల్లో మోటారు బస్సు దేశమంతటా దగ్గరి దూరాల ప్రయాణికులను రైళ్ళ నుంచి లాక్కోసాగింది. బస్సు ఇంటి ముందు ఆగుతుంది, చెయ్యి ఊపితే ఆగుతుంది. బొగ్గు బండి అలా ఆగలేదు. బొంబాయిలో 1925 ఫిబ్రవరిలో విక్టోరియా టెర్మినస్ నుంచి కుర్లాకు కరెంటు రైలు నడిపి అక్కడి కంపెనీ ఒక దారి చూపించింది. దానికి పోటీ కంపెనీ 1928లో తన శివారు దారినీ కరెంటు మీదకు తెచ్చింది. మద్రాసులో సెంట్రల్ నుంచి బళ్ళు నడిపే ఉత్తరపు కంపెనీ, మద్రాస్ అండ్ సదరన్ మహ్రట్టా రైల్వే, ఆ పనికి దిగలేదు. దిగింది దక్షిణపు కంపెనీ. బీచి స్టేషన్ నుంచి ఎగ్మూరు మీదుగా తాంబరం దాకా, 29 కిలోమీటర్ల దారికి 1500 వోల్టుల డైరెక్టు కరెంటు తీగలు కట్టింది. దూరపు బళ్ళకు అడ్డం రాకుండా శివారు బళ్ళకు విడిగా పట్టాలు వేసింది. మీటరు గేజి మీద కరెంటు రైలు దేశంలో అదే మొదటిది.

1931 ఏప్రిల్ 2న గవర్నరు సర్ జార్జి ఫ్రెడరిక్ స్టాన్లీ ఆ రైలును ప్రారంభించారు. మే 11న బళ్ళు జనానికి అందుబాటులోకి వచ్చాయి. మద్రాసు మే ఎండ ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు ఆ రోజున పొగ లేని, మసి పడని, కిటికీ తెరుచుకుని కూర్చోగలిగిన బండి ఎలా అనిపించి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. తెల్ల చొక్కా తెల్లగానే ఆఫీసు చేరింది. మద్రాసు తెలుగువాళ్ళు దాన్ని ఎలక్ట్రిక్ ట్రెయిన్ అన్నారు. తర్వాత తరాలకూ ఆ పేరే నిలిచింది.

ఈ బండి గొప్పతనం వేగంలో ఉందని చాలామంది రాస్తారు. నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించేది అది మలుపు తిరిగే తీరు. బొగ్గు బండి బీచి స్టేషన్ చేరిందంటే ఇంజనును విప్పాలి, పక్క పట్టా మీదుగా రెండో కొసకు తేవాలి, నీళ్ళు పట్టాలి, మళ్ళీ తగిలించాలి. కరెంటు బండికి విడిగా ఇంజను లేదు. మోటార్లు పెట్టెల అడుగునే ఉంటాయి, డ్రైవరు గది రెండు కొసలా ఉంటుంది. డ్రైవరు దిగి, చేతిలో తాళం పుచ్చుకుని, ప్లాట్‌ఫారం వెంట నడిచి అవతలి కొసకు ఎక్కితే చాలు, బండి వెనక్కి బయల్దేరుతుంది. ఆగీ ఆగగానే మళ్ళీ వేగం అందుకుంటుంది కాబట్టి మైలుకొక స్టేషన్ పెట్టినా నష్టం లేదు. అవే పెట్టెలతో రోజుకు ఎన్నో రెట్లు ఎక్కువ బళ్ళు నడపొచ్చు. ఒక బండి తప్పిపోతే ఇంకో బండి ఉందన్న ధైర్యం జీతగాడికి మొదటిసారి వచ్చింది. ఆ ధైర్యమే త్యాగరాయనగరులో ఇళ్ళు కట్టించిందంటాను.

కాలం మాత్రం కష్టకాలం. 1929 నుంచి ప్రపంచాన్ని కమ్మిన ఆర్థిక మాంద్యం కోస్తా జిల్లాల రైతును నేలకు వేసింది. ధాన్యం ధర సగానికి పడిపోయింది, శిస్తు మాత్రం తగ్గలేదు. పొలం మీద ఆశ వదులుకున్న ఇంటి నుంచి చదువుకున్న కొడుకు మద్రాసు దారి పట్టాడు. రైతుకు మాంద్యమైంది నెలజీతం వచ్చేవాడికి కొంత ఊరట కూడా అయింది. బియ్యం చౌక, ఇటుక చౌక, కూలి చౌక. తూర్పు వైపు త్యాగరాయనగరులో ప్లీడర్లూ, పెన్షను అందుకున్న అధికారులూ తోట ఇళ్ళు కట్టుకున్నారు. కట్టకు పడమర పాత మాంబళంలో గుమస్తాలూ, బడి పంతుళ్ళూ, వంటవాళ్ళూ, పురోహితులూ అద్దెకు దిగారు. పడమటి మాంబళానికి సరైన మురుగు కాలువలు చాలా కాలం లేవు. దోమలకూ, బోదకాలుకూ ఆ పేట పేరుపడింది. ఒకే స్టేషన్, ఒకే బండి, కానీ ఏ గేటు వైపు దిగుతాడన్న దాన్ని బట్టి మనిషి స్థితి తెలిసిపోయేది. ఈ తూర్పు పడమరల తేడా ఇప్పటికీ అద్దెల్లో కనిపిస్తుంది.

ముప్పయ్యో దశకంలో మాంబళం స్టేషన్ ఉదయం ఎలా ఉండేదో ఊహించడానికి కాస్త దగ్గరికి వెళ్దాం. తొమ్మిది కొట్టేసరికి ప్లాట్‌ఫారం మీద పంచెకట్టు మీద కోటు, తల మీద పాగా, చేతిలో మడిచిన గొడుగు. కోటు జేబులో నెల రోజుల సీజన్ టికెట్టు. ఇంకో చేతిలో పెరుగన్నం పెట్టిన ఇత్తడి డబ్బా. బండి వచ్చేదాకా ఒకరి పేపరు నలుగురు చదువుతారు, అందులో ఉప్పు సత్యాగ్రహం తర్వాతి సంగతులు, రౌండు టేబులు కబుర్లు. కోటు తొడుక్కున్న వాళ్ళలో సగం మంది ప్రభుత్వ నౌకర్లు కనుక గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు. పార్కు స్టేషన్‌లో వైద్య విద్యార్థులూ, కార్పొరేషన్ ఉద్యోగులూ దిగుతారు. కోట స్టేషన్‌లో సచివాలయం వాళ్ళు, హైకోర్టు వాళ్ళు, లా కాలేజీ కుర్రాళ్ళు దిగుతారు. చివరి బీచి స్టేషన్‌లో దిగేది బ్యాంకులూ, ఓడ కంపెనీలూ, పెద్ద తపాలా కచేరీ. తంబుచెట్టి వీధిలోని ఆంధ్రపత్రిక కార్యాలయానికి వెళ్ళేవాళ్ళూ అక్కడే దిగి నడిచేవారు. సాయంత్రం అదే జనం వెనక్కి వస్తారు, మాంబళం గేటు దాటగానే మూర లెక్కన మల్లెపూలూ, కుప్ప లెక్కన కూరగాయలూ కొనుక్కుని ఇల్లు చేరతారు. స్టేషన్ తూర్పు గుమ్మం నుంచి మొదలయ్యే రంగనాథన్ వీధి ఇవాళ్టి జనసంద్రం కావడానికి బీజం ఆ సాయంత్రపు కూరగాయల బేరాల్లో పడింది. దిగిన ప్రతి మనిషీ ఆ వీధిలోంచే నడవాలి. అంగడి పెట్టేవాడికి అంతకంటే ఏం కావాలి?

తెలుగు యువకుడి దారి కూడా ఈ స్టేషన్ మీదుగానే పోయేది. రాత్రంతా ప్రయాణం చేసి బెజవాడ బండి ఉదయం సెంట్రల్ చేరుతుంది. అది పెద్ద గేజి, ఉత్తరపు కంపెనీది. ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని, బయటికొచ్చి, పూనమల్లి హైరోడ్డు దాటితే ఎదురుగా పార్కు స్టేషన్. అది మీటరు గేజి, దక్షిణపు కంపెనీది. అక్కడ ఇంకో టికెట్టు కొనుక్కుని ఎలక్ట్రిక్ ట్రెయిన్ ఎక్కితే ఎగ్మూరు తర్వాత చెత్‌పట్, నుంగంబాకం, కోడంబాకం, అయిదో స్టేషన్ మాంబళం. పదేళ్ళకు ముందైతే అదే కుర్రాడు సెంట్రల్ నుంచి ట్రాము పట్టుకుని జార్జిటౌనులో మేనమామ ఇంటికి పోయేవాడు. ఇప్పుడు చిరునామా మారింది. సెంట్రల్‌కు ఉత్తరాన చాకలిపేటలో, పెరంబూరులో, తిరువొత్తియూరులో తరాల నుంచి తెలుగువాళ్ళు ఉన్నారు. ఆ వైపు శివారు బళ్ళు మాత్రం పొగ కక్కుతూనే ఉన్నాయి. గుమ్మిడిపూండి దారికీ, అరక్కోణం దారికీ కరెంటు శివారు బళ్ళు 1970ల చివరి దాకా రాలేదు. దక్షిణానికి 1931లో దక్కింది ఉత్తరానికి దక్కడానికి అర్ధ శతాబ్దం పట్టింది. మధ్యతరగతి తెలుగు మద్రాసు ఏ వైపు పెరిగిందో, ఏ వైపు వెనకబడిపోయిందో చెప్పడానికి ఇంతకంటే పెద్ద కారణం నాకు కనిపించదు. ఒక కంపెనీ తీగ కట్టింది, ఇంకో కంపెనీ కట్టలేదు. ఉత్తర మద్రాసు తెలుగు కార్మిక కుటుంబాల మీద ఆ నిర్ణయం వేసిన భారాన్ని మన చరిత్రలు ఇంకా సరిగా రాయలేదు.

దక్షిణాన మాత్రం సంస్థలు ఒక్కొక్కటే పట్టాల వెంట చేరాయి. హైకోర్టు ఎదుట ఇరుకు భవనాల్లో ఉన్న మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ 1937లో ఏకంగా తాంబరం అడవికి తరలిపోగలిగింది, బండి ఉన్నందువల్లే. తాంబరం క్షయ ఆసుపత్రికి రోగులూ, వారిని చూడబోయే బంధువులూ ఈ బళ్ళ మీదే వెళ్ళారు. త్యాగరాయనగరులో దక్షిణ భారత హిందీ ప్రచార సభ వెలిసింది. దాన్ని నిలబెట్టినవారిలో ముఖ్యుడు మోటూరి సత్యనారాయణ, తర్వాత తెలుగు విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్నదీ ఆయనే. 1946 జనవరిలో సభ రజతోత్సవానికి గాంధీ వచ్చి కొన్ని రోజులు అక్కడే ఉన్నారు.

దానికి నాలుగేళ్ళ ముందు ఈ పేటంతా దాదాపు ఖాళీ అయింది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను బాంబులు పడ్డాయి. వారం తిరక్కుండానే, అవసరం లేనివాళ్ళు నగరం వదిలి వెళ్ళడం మంచిదని మద్రాసు ప్రభుత్వం ప్రకటించింది. ఆ మాటతో జనం బెదిరిపోయారు. ఆఫీసులను లోపలి జిల్లాల పట్నాలకు తరలించారు. పిల్లలనూ ముసలివాళ్ళనూ వెంటబెట్టుకుని, మూటలు కట్టుకుని జనం రైళ్ళ మీద పడ్డారు. త్యాగరాయనగరులో ఇళ్ళకు తాళాలు పడ్డాయి. దొరికిన ధరకు అమ్ముకుపోయినవాళ్ళూ ఉన్నారు, ధైర్యం చేసి కొన్నవాళ్ళూ ఉన్నారు. కొన్నెలలకు భయం తగ్గి జనం తిరిగి వచ్చేసరికి కొన్ని ఇళ్ళ యజమానులు మారిపోయారు.

యుద్ధం తర్వాతి కథ వేగంగా నడిచింది. 1944లో సౌత్ ఇండియన్ కంపెనీ ప్రభుత్వపరమైంది. 1951 ఏప్రిల్ 14న సదరన్ రైల్వే ఏర్పడడంతో, సెంట్రల్ కంపెనీ, ఎగ్మూరు కంపెనీ అన్న పాత వైరం కాగితాల మీద ముగిసింది. పట్టాల మీద ముగియడానికి చాలా కాలం పట్టింది. ఆ ఏటి జనాభా లెక్కల్లో మద్రాసు 14 లక్షలు దాటింది, హద్దులు విస్తరించడం కూడా దానికొక కారణం. 1953 ఏప్రిల్‌లో ట్రాము ఆగిపోయింది. ఆ భారమంతా బస్సుల మీదా, ఈ ఒక్క శివారు దారి మీదా పడింది. 1960ల్లో తీగల్లో డైరెక్టు కరెంటు పోయి 25 కిలోవోల్టుల ఆల్టర్నేటింగు కరెంటు వచ్చింది.

మీటరు గేజి మాత్రం 2004 దాకా బతికింది. పక్కనే పెద్ద గేజి పట్టాలు ఒక్కొక్కటే వేసుకుంటూ వచ్చి, ఆ ఏడాది జులైలో చివరి మీటరు గేజి శివారు బండికి వీడ్కోలు చెప్పారు. డెబ్బయి మూడేళ్ళు నడిచిన బండి అది. ఎగ్మూరు నుంచి వెళ్ళే దూరపు బళ్ళు కూడా ఇప్పుడు మాంబళంలో ఆగుతాయి. మధురకో తిరుచ్చికో వెళ్ళేవాళ్ళు ఎగ్మూరు దాకా వెళ్ళకుండా ఇక్కడే ఎక్కుతారు. శివారు బళ్ళు బీచి నుంచి తాంబరం, చెంగల్పట్టు వైపు తెల్లవారకముందే మొదలై అర్ధరాత్రి దాకా తిరుగుతాయి. 2025 ఏప్రిల్‌లో ఈ దారిన ఏసీ శివారు బండి కూడా వచ్చింది. పెళ్ళి బట్టలకు నెల్లూరు, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చే కుటుంబాలు ఇప్పటికీ సెంట్రల్‌లో దిగి, రోడ్డు దాటి, పార్కులో ఎక్కి, మాంబళంలో దిగుతారు. దారి మారలేదు.

దిగినాక నడక మాత్రం కొంత మారింది. రంగనాథన్ వీధి తొక్కిసలాట తప్పించడానికి స్టేషన్ నుంచి త్యాగరాయనగరు బస్టాండు దాకా 570 మీటర్ల ఆకాశ నడక వంతెన కట్టి 2023 మేలో తెరిచారు. ముసలివాళ్ళకూ, పిల్లలను ఎత్తుకున్నవాళ్ళకూ అది నిజమైన మేలు చేసింది. పండుగ ముందు ఆదివారం ఆ వంతెన మీద నిలబడి కిందికి చూస్తే వీధి నేల కనిపించదు, తలలే కనిపిస్తాయి. ఇంత జనాన్ని రోజూ దించే స్టేషన్‌కు ప్లాట్‌ఫారాలు ఇంకా వెడల్పు కావాలి, పడమటి గుమ్మం మీద ఇంకొంత శ్రద్ధ కావాలి. తూర్పుకు దక్కినంత పడమరకు దక్కకపోవడమన్నది 1931 నాటి జబ్బే, ఇంకా పూర్తిగా నయం కాలేదు.

మాంబళం దగ్గర ఆగిపోతే తెలుగువాళ్ళ కథ సగమే చెప్పినట్టవుతుంది. ఒక స్టేషన్ ముందు, కోడంబాకంలో, వంతెన కట్టకముందు పట్టాల మీద ఒక లెవెల్ క్రాసింగు గేటు ఉండేది. 1940ల నుంచి ఆ గేటుకు పడమర స్టూడియోలు లేచాయి. 1947లో చందమామ పుట్టింది, 1948లో వాహినీ స్టూడియో వచ్చింది. త్యాగరాయనగరులో కాపురం, వడపళనిలో షూటింగు, మధ్యలో గేటు. బండి వచ్చినప్పుడల్లా గేటు పడేది, గేటు పడినప్పుడల్లా తారల కార్లు ఆగేవి, ఆ కార్ల కోసం జనం కాపు కాసేవారు. ఆ గేటు దగ్గరి రోజులనూ, 1952 అక్టోబరులో మైలాపూరులో పొట్టి శ్రీరాములు నిరాహార దీక్షకు కూర్చున్న నాటి నుంచి ‘మద్రాసు మనదే’ అన్న నినాదం ఈ స్టేషన్ల మీద వేసిన నీడనూ వచ్చే భాగంలో చూద్దాం.